మూత లేని హెడ్‌ఫోన్ మాట

పిల్లకు ఊపిరాడక పెదవులు నల్లబడిన రోజున, ఆ తల్లి చెప్పకుండా పని వదిలిపోయిందని రాసుకున్నారు మీరు. అవును, మిమ్మల్నే అంటున్నాను. ఇళ్ళలో కూర్చుని డాక్టర్ల మాటలు విని టైపు చేసే ఆడవాళ్ళు చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ మాత్రమే పెట్టుకోవాలని నిబంధన రాసిన కంపెనీ పెద్దమనుషుల్నే. ఆ వాక్యం రాసేటప్పుడు మీ గదిలో ఎవరి పిల్లలైనా ఉన్నారా? ఉండరు. మీ గదిలో ఏసీ ఉంటుంది, కాఫీ మిషను ఉంటుంది.

నేను ఒక హెడ్‌ఫోన్‌ని. ఓపెన్ బ్యాక్ రకం. చెవి మీద కూర్చునే నా గిన్నెలకు వెనక మూత ఉండదు, సన్నటి జాలీ ఉంటుంది. లోపలి పాట కొంచెం బయటికి పోతుంది, బయటి చప్పుడు లోపలికి వస్తుంది. మూసిన రకం వాటికంటే నా ధర ఎక్కువ. ఇంత పెట్టి కొనాలా వద్దా అని నన్ను చేతిలో పట్టుకుని తలబద్దలు కొట్టుకున్నవాళ్ళు చాలామంది. వాళ్ళకు నేను జవాబు చెప్పగలను. ముందు నా సంగతి వినండి.

సముద్రం అవతల ఎక్కడో ఫ్యాక్టరీలో నన్ను చేశారు. నా లోపల కాగితం కంటే పల్చటి పొర ఉంటుంది, అది వణికితేనే శబ్దం. దాన్ని ఒక అమ్మాయి ఊపిరి బిగబట్టి అంటించింది. చుట్టూ మిషన్ల మోత భరించలేక ఆమె చెవుల్లో స్పాంజి బిరడాలు పెట్టుకుంది. వినడానికి పనికొచ్చే నన్ను చెవులు మూసుకున్న మనిషి చేసింది. నన్ను పట్టుకున్నవాళ్ళందరిలో నా శబ్దం వినని మనిషి ఆమె ఒక్కతే.

హైదరాబాదులో నన్ను మొదట కొన్నవాడు నిఖిలేశ్, మణికొండలో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రవాడు. కొనేముందు వారాల తరబడి వీడియోలు చూశాడట. చూసినవాటిలో సగం కొనమన్నాయి, సగం వద్దన్నాయి. చివరికి కొన్నాడు. మొదటి పాట వింటూ కళ్ళు మూసుకుని, వీణ ఎడమ పక్కన, మృదంగం కాస్త వెనక, పాడే ఆమె ఎదురుగా నిలబడినట్టుందని గొణుక్కున్నాడు. అది అబద్ధం కాదు. మూత లేనందువల్ల శబ్దం గిన్నెలో ఇరుక్కోదు, గదిలో పరుచుకున్నట్టు ఉంటుంది. ఆ ఆనందాన్ని నేను ఎగతాళి చెయ్యను. మనిషి రోజంతా ఎవరో చెప్పిన పని చేసి వచ్చి, కాసేపు వీణ ఎడమ పక్కన వినిపిస్తే సంతోషపడితే తప్పేముంది?

తప్పు పట్టింది అతని రూమ్మేటు చక్రధర్.

"రేయ్, నీ చెవిలో పాట నేనెందుకు వినాలిరా?"

"సౌండ్‌స్టేజ్ అంటార్రా దీన్ని. నీకు తెలీదులే."

"స్టేజీ నీదైతే టికెట్ కొనని నన్ను ముందు వరసలో ఎందుకు కూర్చోబెట్టావ్?"

నిఖిలేశ్ నన్ను వదిలించుకున్నది ఆ గొడవ వల్ల కాదు. నాకంటే ఖరీదైనది ఇంకొకటి వచ్చింది. దాని వీడియోలు చూడటం మొదలుపెట్టిన రోజునుంచీ నాలో వీణ సరైన చోట వినిపించలేదతనికి. నేను మారలేదు. వీణ కూడా మారలేదు.

అలా అమీర్‌పేటలో పాత ఆడియో సామాను అమ్మే ఫయాజ్ కొట్టుకు చేరాను. రోడ్డు మీదికే తెరుచుకున్న కొట్టు. వచ్చిన ప్రతివాడూ తనకిష్టమైన పాటే పెట్టేవాడు, గట్టిగా పెట్టేవాడు. తల ఊపేవాడు. పాట మధ్యలో ఆటో హారన్ వినిపించగానే మొహం మాడ్చేవాడు. "ఇంత పోసి కొంటే రోడ్డంతా చెవిలోకొస్తోంది భాయ్" అని నన్ను పక్కన పడేసి, బాసు దడదడలాడే మూసిన రకాన్ని పట్టుకుపోయేవాడు. వాళ్ళ కోపం న్యాయమే. బస్సులో వినేవాడికీ, రోడ్డు పక్క గదిలో ఉండేవాడికీ నేను పనికిరాను. నాలో బాసు కూడా అంత దడపుట్టించదు. ఈ మాట అమ్మేవాడు చెప్పడు కాబట్టి నేను చెబుతున్నాను.

అలాంటి కొట్టుకు ఒక ఆదివారం ప్రార్థన ముగించుకుని సువార్త వచ్చింది, మొగుడు దేవదానంతో. బోరబండలో రెండు గదుల ఇల్లు వాళ్ళది. దేవదానం బాలానగర్‌లో లేతు మిషను మీద పనిచేస్తాడు. సువార్త ఇంట్లోనే కూర్చుని, డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసి పంపే మాటలు విని టైపు చేస్తుంది. వాళ్ళకు షారోను అని ఒక్కతే కూతురు, ఒకటో తరగతి. ఆ పిల్లకు ఆయాసం ఉంది. జలుబు చేస్తే చాలు, ఛాతీలోంచి పిల్లికూతలు మొదలవుతాయి. ఆ కూత మొదట్లోనే విని మందు పంపు నోటికి పెట్టి కొడితే తగ్గిపోతుంది. ఆలస్యమైతే ఆసుపత్రే.

ఇంతకుముందు ఏం జరిగిందో ఫయాజ్‌కు ఆమె చెబుతుంటే విన్నాను. చెవులు మూసే హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆమె పనిలో ఉంది. పిల్ల ఆమె వెనకే, చెయ్యి చాపితే అందే మంచం మీద ఉంది. ఆ ఇంట్లో ఒక కట్టడి ఉండేది. అమ్మ చెవులకు అవి పెట్టుకుంటే పిలవొద్దు, ముట్టుకోవద్దు. టైపింగు ఆగితే కంపెనీ కంప్యూటరుకు తెలిసిపోతుందని, సువార్తే నేర్పింది. పిల్ల నేర్చుకుంది. బాగా నేర్చుకుంది. ఊపిరి అందకపోయినా అమ్మను ముట్టుకోలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగి కూర్చుని, భుజాలు ఎగరేస్తూ, అమ్మ వాటిని తీస్తుందేమోనని చూస్తూ కూర్చుంది. అన్నానికి ఇంటికొచ్చిన దేవదానం చూసి ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు, సువార్త పని అక్కడికక్కడే వదిలేసి వెనకే పరిగెత్తింది. పిల్ల బతికింది. కంపెనీ మాత్రం, చెప్పకుండా పని వదిలిందని రాసింది.

"పాట పెట్టాల్నా అక్కా? మస్తు బీట్ ఉన్నది ఉంది" అన్నాడు ఫయాజ్.

"పాట వద్దన్నా. మా పాస్టరయ్య వాక్యం ఉంది నా ఫోన్ల. నోట్లనే గొణుగుతడు. మా డాక్టర్లు గూడ గట్లనే చెప్తరు." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "నువ్వు నా ఎన్కకు పోయి మన బిడ్డ లెక్క పిల్లికూతలు కూయి."

"ఈడనా? నలుగురు సూస్తున్నరు."

"సూడనియ్యి. నిన్నేమన్న పెండ్లి సూపులకు తెచ్చిన్నా?"

ముందు ఫయాజ్ తన కొట్టులోకెల్లా ఖరీదైన మూసిన రకం ఇచ్చాడు. సువార్త పెట్టుకుంది. దేవదానం వెనక నిలబడి గొంతు బిగించి ఈల లాంటి ఊపిరి తీశాడు. ఆమె కదల్లేదు. ఇంకా గట్టిగా తీశాడు. కదల్లేదు. చివరికి అతనికే దగ్గొచ్చింది. పక్కన ఇయర్‌ఫోన్లు చూస్తున్న ఒకాయన మంచినీళ్ళ సీసా అందించి, "ఆస్తమానా అన్నా?" అని అడిగాడు. "నాగ్గాదు, టెస్టింగు" అన్నాడు దేవదానం.

తర్వాత నన్ను పెట్టుకుంది. పాస్టరయ్య గొణుగుతున్నాడు, రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. దేవదానం ఈల ఊపిరి తీశాడు. ఆమె వేలెత్తింది. మెల్లగా తీశాడు. వేలెత్తింది. ఇంకా మెల్లగా తీశాడు. ఈసారి వేలు లేవలేదు.

"ఇనవడలేదా?" అన్నాడు దేవదానం.

"ఇనవడ్డది. సాలు, ఆపు." ఆమె మొహం షట్టరు వైపు తిప్పుకుంది.

ధర చెబితే దేవదానం నోరెళ్ళబెట్టాడు. పాతదైనా మామూలువాటికి నాలుగింతలున్నాను. "పాటలినెటోళ్ళ సామాను మనకెందుకు? ఒక చెవు మీదికెల్లి తీసి పెట్టుకో, అయిపాయె."

"పెట్టుకున్న గద. ఒక్క చెవుతోని సరిగ ఇనవడక తప్పులు కొట్టిన. ఎవరికో ఎయ్యాల్సిన మందు రెండింతలు రాస్తే, వాళ్ళకు బిడ్డలుండరా?"

దేవదానం జేబులోంచి డబ్బు తీసి లెక్కపెట్టాడు. నన్ను సంచిలో వేసుకుని పట్టుకొచ్చాడు.

నన్ను చేసినవాళ్ళు, అమ్మినవాళ్ళు, పొగిడినవాళ్ళు అందరూ నాలోంచి ఏం వినిపిస్తుందో చెప్పారు. నన్ను పెట్టుకున్నాక కూడా ఇంకేం వినిపిస్తుందని అడిగిన మనిషిని ఆ కొట్టులోనే మొదటిసారి చూశాను.

ఇంటికెళ్ళాక షారోనుకు చెప్పింది, "ఇంక నన్ను పిలవచ్చు బిడ్డా" అని. పిల్ల నమ్మలేదు. మర్నాడు సువార్త పనిలో ఉండగా మంచం మీంచి సన్నగా అంది.

"అమ్మా."

"ఏందమ్మా?"

"ఏం లేదు."

కాసేపటికి మళ్ళీ. "అమ్మా." "చెప్పు." "ఏం లేదు." ఆ రోజంతా అదే పని. ఆమె విసుక్కోలేదు. ఒకసారి పిల్ల గోడ వైపు తిరిగి దుప్పట్లో మొహం దాచుకుని పిలిచింది. దానికీ పలికింది. అప్పుడు పిల్ల కిలకిలా నవ్వి బొమ్మలు గీసుకోవడంలో పడింది.

ఆ వారంలోనే వాన పట్టింది. పిల్లకు ముక్కు కారడం మొదలైంది. ఒక గుండె డాక్టరు ఏదో ఆపరేషను వివరాలు చెప్పుకుపోతున్నాడు, నేను ఆయన గొంతు మోస్తున్నాను. వెనకనుంచి సన్నగా, దారం లాగినట్టు ఒక కూత వచ్చింది. నేను చేసిందేమీ లేదు. అడ్డం పడలేదు, అంతే. సువార్త నన్ను తీసి డాక్టరును బల్ల మీద వదిలేసి, పిల్లను కూర్చోబెట్టి పంపు కొట్టింది. కాసేపు వీపు రాసింది. కూత పల్చబడింది, ఆగింది. నీళ్ళు తాగించి వచ్చి మళ్ళీ కూర్చుంది. ఆసుపత్రి లేదు, పరుగు లేదు, ఏడుపు లేదు. అంత చిన్న సంగతి అది. అంత చిన్నగా ముగియాల్సిన సంగతి.

మర్నాడు టీమ్ లీడు మంజూష వీడియోలోకి వచ్చింది.

"సువార్త గారూ, నిన్న మధ్యాహ్నం కాసేపు టైపింగ్ ఆగింది."

"అవును మేడమ్. పాపకు పంపు కొట్టిన."

"సరేనండీ, అది చూసుకుంటాలెండి." ఆమె గొంతులో దయ ఉంది. ఆ తర్వాత ఆమె కళ్ళు నా మీద పడ్డాయి. "ఆ హెడ్‌ఫోన్ వెనక జాలీలా ఉందేంటి? అది ఓపెన్ బ్యాక్ కదా? మనకు అప్రూవల్ లేదండీ. పేషెంట్ల వివరాలు బయటికి వినబడకూడదు."

రోగుల గుట్టు దాచాలన్న మాట నేను కాదనను. అది మంచి నిబంధనే. సువార్త కూడా కాదనలేదు. "పరీక్ష పెట్టుకోండ్రి మేడమ్" అని, అన్నానికి ఇంటికొచ్చిన దేవదానాన్ని అక్కడికక్కడే మంచం మీద కూర్చోబెట్టింది. కంపెనీవాళ్ళు కొత్తవాళ్ళకు నేర్పడానికి వాడే ఉత్తుత్తి రోగి రికార్డు ఒకటి పెట్టి, రోజూ వినేంత మెల్లగానే విన్నది. ఆపి అడిగింది.

"ఏమినవడ్డది?"

"ఎవడో బాయిల కూసోని సణుగుతున్నట్టుంది."

"మందు పేరు?"

"మందు పేరా? మాట్లాడింది మొగోడో ఆడామెనో గూడ తెల్వలే."

మంజూష నవ్వింది. నవ్వి, తన చెవుల మీది మూసిన హెడ్‌ఫోన్ సర్దుకుని అంది, "నాకర్థమైందండీ. నా చేతుల్లో ఉంటే ఓకే చేసేదాన్ని. రూల్ పైనుంచి వచ్చింది. సోమవారం లాగిన్‌కి పాతది పెట్టుకుని కూర్చోండి. లేకపోతే అకౌంట్ ఆపేస్తారు."

ఆ రోజునుంచి బల్ల మీద మేమిద్దరం పక్కపక్కనే ఉన్నాం, కంపెనీ ఇచ్చిన ఆ మూసిన హెడ్‌ఫోనూ నేనూ. దాని మీద నాకు కోపం లేదు. మూయమన్నారు, మూసింది. సువార్త మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూస్తుంది. ఈ ఉద్యోగం లేకపోతే పిల్ల మందులు దేవదానం ఒక్కడి మీద పడతాయి. ఈ ఉద్యోగం ఇలాగే చేస్తే పిల్ల ఊపిరి ఆమెకు వినబడదు. పిల్లకు మాత్రం ఈ సంగతేమీ చెప్పలేదు. అది ఇంకా మంచం మీంచి పిలుస్తూనే ఉంది.

ఇంత డబ్బు పెట్టి నాలాంటిదాన్ని కొనాలా అని అడిగేవాళ్ళకు నా జవాబు ఇది. వీణ ఎడమ పక్కన వినడం కోసమైతే మీ ఇష్టం, నిఖిలేశ్‌లా మురిసిపోండి, పక్కవాడికి మాత్రం టికెట్ లేని కచేరీ పెట్టకండి. బస్సులోకైతే వద్దు. మీరు పనిలో ఉండగా మీ వెనక ఒక మనిషి ఊపిరి తీసుకుంటోందా, అది మీకు వినబడి తీరాలా, అయితే అప్పు చేసైనా కొనండి. కానీ ఆ అప్పు ఆమె ఎందుకు చెయ్యాలి? పని మీది, రికార్డులు మీవి, నిబంధన మీది.

కాబట్టి ఇది బతిమాలుకోవడం కాదు. ఆ నిబంధనలోంచి "చెవులు పూర్తిగా మూసే" అన్న మాట కొట్టేయండి. మాట బయటికి పోకూడదంటే ఎంత శబ్దంతో వినాలో రాయండి, ఇంటికొచ్చి దేవదానం కూర్చున్న చోట కూర్చుని పరీక్షించుకోండి. ఇంట్లో పసివాళ్ళో రోగులో ఉన్న ప్రతి మనిషికీ మూత లేని హెడ్‌ఫోన్ మీ ఖర్చుతో పంపండి. టైపింగు ఆగిన నిమిషానికి జవాబు అడగడం మానండి. చెప్పకుండా పని వదిలిందని ఆమె పేరు మీద రాసింది చెరిపేసి, చెరిపామని ఆమెకు రాసి పంపండి. సోమవారం ఆమె లాగిన్ అయ్యేలోపు జరగాలి ఇదంతా. మంజూషకు ఫోన్ చెయ్యండి, ఇప్పుడే చెయ్యండి, పైనుంచి మీ మాట కోసమే ఆమె ఎదురుచూస్తోంది.