జతలో ఒకరు

గేటు దగ్గర ఎర్రలైటు వెలిగినప్పుడు నా తోడికోడలి చేతిలో ఖాళీ అన్నం డబ్బా తప్ప ఏమీ లేదు.

"పక్కకి రా" అన్నాడు సెక్యూరిటీ అతను.

"ఎందుకూ? నేనేం చేశాను?"

"లైటు వచ్చిందిగా. ఊరికే వస్తుందా?"

ఆమెను పక్కగదిలోకి తీసుకుపోయారు. ఆ గది తలుపుకి గడియ లేదు. షిఫ్టు దిగి వెళ్తున్న మేమంతా చూస్తుండగానే డబ్బా మూత తీశారు, చెప్పులు విప్పించారు, జడ విప్పించారు. ఒంటిమీద బట్టలు కూడా తీయమన్నప్పుడు ఆమె నావైపు చూసింది. నేను వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. అంతకుమించి ఏమీ చెయ్యలేకపోయాను.

ఏమీ దొరకలేదు.

"దొరకలేదుగా, ఇక పోతాను" అంది లోపలినుంచి.

"దొరికితే మందలించి వదిలేసేవాళ్ళం" అన్నాడు సూపర్‌వైజరు. "దొరకలేదంటే ఎక్కడో గట్టిగా దాచావన్నమాట. అది ఇంకా పెద్ద తప్పు. కార్డు ఇచ్చెయ్. దొంగతనం కింద పోతున్నావు, నీకు కంపెనీ ఇవ్వాల్సింది ఏమీ ఉండదు."

ఆమె బయటికొచ్చి జడ వేసుకోకుండానే నడిచింది. దారంతా ఒక్కమాటే అడిగింది. "అక్కా, రేపు మన వీధిలో నన్నేమని పిలుస్తారు?"

మాది ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ. ఉతకడానికి, ఆరబెట్టడానికి మిషన్లున్నా మడతకి మాత్రం మనుషులే కావాలి. పెద్ద దుప్పటిని ఒక్కరు మడవలేరు. చెరో కొస పట్టుకుని ఒక్క దులుపు దులిపి, ఎదురెదురుగా వచ్చి అంచులు కలపాలి. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. ఒకరి అడుగు తప్పితే ఇద్దరి మడతా పాడవుతుంది. అందుకే జతలు మార్చరు. నా భర్త, ఆమె భర్త అన్నదమ్ములు. మా ఆయన పోయిన తర్వాత నన్ను చెయ్యి పట్టుకుని ఈ పనికి తెచ్చింది ఆమే. అప్పటినుంచి ఆ చివర ఆమె, ఈ చివర నేను.

గేటుకి ఆ లైటు పెట్టకముందు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. నేను అక్షరాలు ఈమధ్యే నేర్చుకున్నదాన్ని, కూడబలుక్కుని గట్టిగా చదివాను. దొంగతనాలు పెరిగినందున, ప్రతి దుప్పటి అంచులో ఒక బిళ్ళ కుడుతున్నామనీ, దుప్పటి దాచుకుని గేటు దాటితే ఎర్రలైటు వస్తుందనీ ఉంది. ఏం పోయింది, ఎప్పుడు పోయింది, ఎవరు చూశారు? ఒక్క ముక్క లేదు. ఇంట్లో గ్లాసు కనబడకపోయినా ముందు మంచం కింద వెతుకుతాం, ఆ తర్వాతే పక్కింటివాళ్ళని అనుమానిస్తాం. కానీ ఆరోజు ఎవరమూ అడగలేదు. "నిప్పుకి చెదలు పడతాయా? వెతుక్కోనీ" అనుకుంటూ, నవ్వుకుంటూ ఆ గేటు కింద నడిచాం. కూలి మనుషులు చేసే తప్పే ఇది. నిజాయితీపరులం కదా అని తాడు మనమే అందిస్తాం.

మర్నాడు నేను పనిలోకి వెళ్తే సూపర్‌వైజరు నా ముఖం కూడా చూడలేదు. "నీకు జత లేదు. ఈ వారం ట్రాలీలు తొయ్యి. తర్వాత చూద్దాం." అతని వెనక, ఎన్నాళ్ళుగానో టార్పాలిన్ కప్పి ఉన్న పెట్టెను విప్పుతున్నారు. లోపల రెండు ఇనుప చేతులున్నాయి. దుప్పటి రెండు కొసలూ అవే పట్టుకుంటాయి.

సెలవురోజు మధ్యాహ్నం మా రెండు గదుల్లో జనం నిండిపోయారు. మెట్ల మీద కూడా కూర్చున్నారు. ముందు నోరు విప్పింది బాయిలర్ దగ్గర పనిచేసే ఆవిరి మామ.

"మాటంటే కోపమొస్తుందేమో గానీ, బాయిలర్ వైపు ఒక్కడికీ ఎర్రలైటు రాలేదు. ఉతికేవాళ్ళకీ రాలేదు. మడతపెట్టేవాళ్ళకే వస్తోంది. నిప్పులేనిదే పొగ రాదు."

"నిప్పూ పొగా నీకు తెలిసినట్టు మాకెవరికి తెలుస్తాయిలే" అంది మడతలో పనిచేసే పొడుగక్క. అందరూ నవ్వారు.

"నవ్వులాట కాదమ్మా. పొడి దుప్పట్లు ఉండేది మీ చేతుల్లో. తడివి ఎవడెత్తుకుపోతాడు?"

ఆ మాటకి నవ్వు ఆగిపోయింది. గోడకి ఆనుకుని నిలబడిన నా తోడికోడలు అప్పటిదాకా తలెత్తలేదు.

"మామా, నేను దొంగనంటావా?"

"నేననలేదు. లైటంది."

"లైటుకి నోరిచ్చిందెవరు?"

పొడుగక్క జత పొట్టక్క వేళ్ళు ముడుస్తూ, లైటు పడి పని పోయినవాళ్ళని ఒక్కొక్కరినీ తలుచుకోసాగింది. అంతా మడత విభాగం వాళ్ళే.

"మరి వీళ్ళ జతలేమయ్యారు?" అని మెట్లమీంచి ఎవరో అడిగారు.

"జత లేదని వాళ్ళనీ పంపేశారు."

"ఒక్క జతలోనైనా ఇద్దరికీ లైటొచ్చిందా?"

పొట్టక్క వేళ్ళు ఆగిపోయాయి. "లేదు" అంది. "ఇదేం చోద్యమమ్మా! దొంగలు కూడా జతకొకరే పుడతారా?"

ఒకరిని దొంగను చేస్తే ఇద్దరు పోతారు. ఇద్దరు పోయిన చోట ఇనుప చేతులు నిలబడతాయి.

మామ మాత్రం తల అడ్డంగా ఊపాడు. "అయినా ఇది అనుమానమే, రుజువు కాదు. రుజువు లేకుండా వాళ్ళు మనల్ని దొంగలన్నారు. మనమూ రుజువు లేకుండా వాళ్ళని అంటే వాళ్ళకీ మనకీ తేడా ఏంటి?"

"అయితే చూద్దాం" అన్నాను. "ఆ గేటున్నది దుప్పట్లు పట్టుకోవడానికేగా. కప్పుకునే నడుద్దాం. ఎర్రలైటొస్తే తప్పు మనదని ఒప్పుకుందాం."

"చక్కగా లోపలేస్తారు!" ఒకతను లేచాడు. "ఇన్నాళ్ళూ ఉత్తుత్తి దొంగలం, రేపట్నించి అసలు దొంగలమవుతాం. నాకు పిల్లలున్నారు బాబూ." అతను వెళ్ళిపోయాడు. అతని వెనక ఇంకా కొందరు వెళ్ళారు. వాళ్ళని ఎవరమూ తిట్టలేదు.

చీకటి పడేదాకా వాదించుకున్నాం. చివరికి ఒక మాట మీదకి వచ్చాం. దాచకూడదు. అందరూ చూస్తుండగా తీసుకెళ్ళాలి, గేటు బయట మడతపెట్టి మళ్ళీ అక్కడే పెట్టెయ్యాలి.

"అనుమానం నాది" అన్నాడు మామ. "ముందు నేనే నడుస్తా."

మర్నాడు షిఫ్టు దిగే వేళకి మామ ఒక పెద్ద దుప్పటిని తలకి పాగాలా చుట్టుకుని వచ్చాడు. సెక్యూరిటీ అతను నోరు తెరిచాడు. మామ తన కార్డు గేటుకి చూపించి దాని కింద నిలబడ్డాడు.

పచ్చలైటు.

వెనక్కి వచ్చి మళ్ళీ నడిచాడు. మళ్ళీ పచ్చే. నేను భుజాల మీదుగా కప్పుకుని నడిచాను. పచ్చ. పొట్టక్క పిల్లని ఎత్తుకున్నట్టు చంకలో ఒక కట్ట పెట్టుకుని నడిచింది. పచ్చ. ఉతికేవాళ్ళు, ఇస్త్రీవాళ్ళు, నిన్న మా ఇంట్లోంచి లేచి వెళ్ళినతను కూడా. అందరికీ పచ్చే. నవ్వులు, ఈలలు. గేటు బయట నా తోడికోడలు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"నాకొక్కదానికే దుప్పటి మిగల్లేదు" అంటూ పొడుగక్క ఉత్త చేతులతో నడిచింది.

ఎర్రలైటు.

నవ్వులు టక్కున ఆగిపోయాయి. ఆరోజు ఎవరి వంతో పైన ఎవరో ముందే తేల్చారు. లైటు చూసేది దుప్పటిని కాదు, కార్డుని. పొడుగక్క తన చేతులు తానే తిప్పి చూసుకుంది. మామ నా తోడికోడలి దగ్గరికి వెళ్ళి, "తప్పయిపోయింది తల్లీ" అన్నాడు.

మేనేజరు దిగివచ్చాడు. "మిషన్ ఇవాళ కొంచెం పాడైనట్టుంది."

"ఇవాళేనా?" అని అరిచింది పొట్టక్క. "మావాళ్ళందరి బట్టలు విప్పించిన రోజుల్లో బాగానే ఉందా?"

అతను ఫోను తీశాడు. మేం రోడ్డు మీద దుప్పట్లు విదిలించి మడతపెట్టడం మొదలుపెట్టాం. ఆ చివర నా తోడికోడలు, ఈ చివర నేను. మడతలు గేటు ముందు పేర్చుతూ ఉండగానే పోలీసు వాన్లు వచ్చాయి.

"దుప్పట్లతో బయటికొచ్చారు. అంతా కెమెరాలో ఉంది" అన్నాడు మేనేజరు.

మామని, నన్ను, పొడుగక్కని ఎక్కించారు. తర్వాత నా తోడికోడలి చెయ్యి పట్టుకున్నారు.

"ఆమె లోపలికే రాలేదు కదయ్యా!" అన్నాను.

"ఈమె పాత దొంగ" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆమె చెయ్యి విదిలించుకుంది. "నేనే ఎక్కుతా" అని జనం వైపు తిరిగింది. "ఏం పోయిందో అడగండి! ముందు అది అడిగి, తర్వాతే లోపలికి పోండి!"

వాను కదిలాక చూశాం, మామ తలమీద పాగా అలాగే ఉంది.

"మామా, దుప్పటి!"

"వాళ్ళ గేటే పట్టుకోలేదు, వీళ్ళేం పట్టుకుంటారు" అన్నాడు. మేం నలుగురం నవ్వాం. ఇంతలో ఎదురుగా ఒక లారీ వచ్చింది. టార్పాలిన్ కప్పిన పెట్టె, మొన్నటిదానికన్నా పెద్దది. అది బాయిలర్ వైపు గేటుకి మళ్ళడం మామ చూశాడు. పాగా విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు.

వాను జాలీలోంచి వెనక్కి చూశాను. రెండో షిఫ్టు వాళ్ళు వచ్చి రోడ్డు మీద నిలబడ్డారు. "ఒక్కొక్కరుగా రండి, ఒక్కొక్కరుగా" అని సూపర్‌వైజరు అరుస్తున్నాడు. పొట్టక్క వాళ్ళ మధ్య నిలబడి చేతులు ఊపుతూ ఏదో చెప్తోంది. వీధి చివర ఇంకో రెండు వాన్లు వచ్చి ఆగాయి. లాఠీలు దిగుతున్నాయి.

గేటు మీద పచ్చలైటు వెలుగుతోంది. దాని కిందికి ఒక్కరూ రావడం లేదు.