పెట్టెలో లేని రీలు

ఆత్మకూరు సినిమా డేరాకి కొత్త బొమ్మ వచ్చిందంటే కామమ్మ బస్సెక్కాల్సిందే. ఉదయగిరి కొండ కనపడే ఆ చిన్న ఊళ్ళో, శనక్కాయలు ఒలిచే ముప్పైమంది ఆడవాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు అది. తలా దోసెడు కాయలు ఆమె ఖర్చుకిస్తారు. ఆమె పోయి చూసొచ్చి, మర్నాడు కాయల కుప్ప ముందర కూర్చుని కథ చెప్పాలి. కామమ్మ చెపుతుంటే చేతులు వాటంతటవే ఆడేవి. మేస్త్రీ మాల్యాద్రి కూడా అదిలించడం మానేసి గోడకానుకుని వినేవాడు.

ఆ కత్తుల బొమ్మ వచ్చినప్పుడు బొగ్గుతో నడిచే బస్సు మిట్ట ఎక్కలేక మొరాయించింది. అందరూ దిగి నెట్టారు, కామమ్మా నెట్టింది. ఆమె డేరాలోకి దూరేసరికి తెరమీద వీరుడు పెరిగి మీసాలు కూడా తిప్పుతున్నాడు. సేనాపతి బంగారు గిన్నె అందిస్తే దాన్ని గోడకేసి కొట్టాడు. డేరా అంతా ఒకటే ఈలలు. ఎందుకు కొట్టాడని పక్కనామెను అడిగితే, ముందర రావాల్సిందని కసిరి మళ్ళీ తెరకేసి తిరిగింది.

మర్నాడు కామమ్మ గుర్రాలను దౌడు తీయించింది, చేటను డాలు చేసి కత్తి తిప్పింది. పెంచలమ్మ మధ్యలో అడ్డం పడింది. కామమ్మ తర్వాత బస్సెక్కే వంతు తనదేనని ఎన్నాళ్ళుగానో కాచుకోనుండే మనిషి.

"కత్తులు తర్వాత తిప్పుదువుగానీ, వాడికేం కష్టమొచ్చిందో అది చెప్పు. కష్టం లేకుండా కత్తి దూస్తే వాణ్ణి దొంగంటారుగానీ వీరుడంటారా?"

ముప్పైమంది చేతులూ ఆగిపోయినాయి. చూడలేదంటే ఈసారి బస్సు పెంచలమ్మదే. కామమ్మ కళ్ళ ముందర ఆ బంగారు గిన్నె మెదిలింది. నోరు తెరిస్తే కథ దానంతటదే వచ్చింది.

వీరుడి నాయన మెట్టపొలంలో ఆరేళ్ళు ఒంటిచేత్తో బావి తవ్వినాడంట. రాళ్ళు పగలగొట్టీ కొట్టీ గోళ్ళు ఊడిపోయినాయంట. నీళ్ళు పడిన రోజే సేనాపతి వచ్చి, పొలం నాది, బావీ నాదేనన్నాడంట. ఒక్క ముంత తాగి పొమ్మని జాలి చూపించినాడంట. ఆ నాయన ముంత నేలకేసి కొట్టి, ఎండలో నడిచిపోయి, దారిలోనే పడిపోయినాడంట. పక్కన ఏడేళ్ళ బిడ్డ. అందుకే వాడికి ఆ చేతి నీళ్ళంటే పగ.

ఆ పూట కాయలు తడిసినాయని మాల్యాద్రి గొణిగాడుగానీ, అతని కళ్ళూ అంతే.

రెండు నెలలకి అదే బొమ్మ ఉదయగిరికే వచ్చింది. ఊరంతా బండ్లు కట్టింది. బావి కథ మొగుళ్ళకీ బిడ్డలకీ అప్పటికే నోటికొచ్చేసింది. కామమ్మ జ్వరమని ముసుగు తన్నితే, మంచంతో సహా ఎత్తుతామని బెదిరించి బండెక్కించారు.

మొదటి ఆట. నేల టిక్కెట్టు, ఇసకలో కూర్చున్నారు. తెరమీద రాజు వచ్చాడు. సేనాపతి బంగారు గిన్నెలో విషం పోసిచ్చాడు. రాజు తాగి కూలిపోయాడు. దాది బిడ్డను ఎత్తుకుని అడవికి పరుగెత్తింది. రీలు అయిపోయి దీపం వెలిగింది. ఉన్నది ఒకటే మిషను, రీలు రీలుకీ ఆపి మార్చాల్సిందే.

పెంచలమ్మ లేచి బావి ఏదని అడిగింది. వెనకనుంచి మొగవాళ్ళూ అందుకున్నారు. త్వరగా ముగించి పండుకోవడానికి డేరావాళ్ళు రీళ్ళు దాటేస్తారని అందరికీ తెలిసిందే. ఇసక లేచింది. మిషను తిప్పే యేసురత్నం పెట్టె మూత తీసి చూపించాడు, అన్నీ ఉన్నాయని దేవుడి మీద ప్రమాణం చేశాడు. వినేదెవరు? నలుగురు మిషనుకేసి పోయారు, ఒకడు అతని చొక్కా పట్టుకున్నాడు.

 కామమ్మ నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది. యేసురత్నం వీపు మాత్రం దక్కదు.

"వదలండ్రా ఆ పిల్లోణ్ణి," అంటా లేచింది. "ఆ రీలు పెట్టెలో లేదు. బొమ్మ మొదలు నేను చూళ్ళేదు. బావి తవ్వింది మా నాయన. ఆ ఏడేళ్ళ బిడ్డను నేనే."

చొక్కా మీద చెయ్యి జారిపోయింది. 

"ఇరవై ఏండ్లుగా పక్కపక్కన కాయలొలుస్తా ఉండాము," అనింది పెంచలమ్మ. "ఒక్కనాడన్నా చెప్పినావా మే?"

"నన్నెవురడిగినారు? వాడికేం కష్టమొచ్చిందని గదా అడిగితిరి."

 పెంచలమ్మ తన కొంగుతో ఇసక దులిపి కామమ్మను పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత యేసురత్నంకేసి తిరిగింది.

"ఇంక వెయ్యబ్బాయా. బావి అయిపోయింది."

దీపం ఆరింది. వీరుడు పెరిగాడు, మీసం తిప్పాడు. సేనాపతి గిన్నె పట్టుకుని రానే వచ్చాడు. అందులో విషముందని తెరమీద వాడికి తెలుసు. డేరాలో కూర్చున్నవాళ్ళకు మాత్రం అవి బావినీళ్ళే.  మాల్యాద్రి తలగుడ్డ విప్పి పిడికిట్లో చుట్టుకున్నాడు.

గిన్నె గోడకు తగిలి ఖంగుమంది. ఊరు ఊరంతా లేచి నిలబడింది. తువ్వాళ్ళు ఎగిరాయి, డేరా గుంజలు ఊగాయి. అందరికంటే ముందు లేచింది కామమ్మ. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, ఈలవేసింది. గొర్రెల్ని తోలేటప్పుడు వాళ్ళ నాయన నేర్పిన ఈల అది.