గౌస్ మొహిద్దీన్ బండి

తాళం తిప్పిన ప్రతిసారీ బండి బలంగానే తిరిగేది. ఇక అందుకుంటుంది అనిపించేది. అంతలోనే ఊరుకునేది. నేను మెట్ల మీద కూచుని ప్రతి తిప్పుకీ ఊపిరి బిగబట్టుకుంటున్నాను.

"సెల్ఫ్ మంచిగనే కొడ్తుందమ్మా," అన్నాడు రాజేశం, బానెట్ కింద నుంచి తల బయటికి తీసి. "బ్యాటరీ కొత్తది ఏసిన. తప్పు బ్యాటరీది కాదు."

"ఇంక దేనిది అన్నా?" అన్నాడు నా కొడుకు అనీస్, స్టీరింగ్ ముందు కూచుని.

"అదే కదా తమ్మీ చూస్తున్నది. ఏ నొప్పి అని అడిగితే ఇది చెప్తదా?"

బండి మా ఆయనది. గౌస్ మొహిద్దీన్. సౌదీలో ఈ బురైదాలో ఒక ఖర్జూరాల వ్యాపారి దగ్గర డ్రైవరుగా ఉండి, అనీస్ ఇంకా స్కూలుకు పోయే రోజుల్లో దీన్ని పాతదే కొన్నాడు. చలికాలం మొదట్లో ఒక సాయంత్రం బండి కింద నిలిపి మెట్లెక్కి వచ్చాడు. ఎదలో మంటగా ఉందన్నాడు. నీళ్లు తెచ్చేలోపు పోయాడు. అప్పటి నుంచి నా ఇద్దత్, మొగుడు పోయిన ఆడది ఇల్లు కదలకూడని ఆ నాలుగు నెలల పది రోజులు, ముగిసేదాకా నేను గడప దాటలేదు, బండి రేకుల కింద నుంచి కదల్లేదు. దాని మీద దుమ్ము పేరుకోవడం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

అనీస్‌కు జుబైల్‌లో ఉద్యోగం. వాళ్ల ప్లాంటులో షట్‌డౌన్ పనులు మొదలవుతున్నాయి. ఈ సాయంత్రమే బయలుదేరాలి, నన్నూ తీసుకుపోవాలి. గది ఖాళీ చేసేశాం. మిగిలింది ఈ బండి. స్టార్టయితే రాజేశం తీసుకుంటాడు. ఊరి బయట ఖర్జూర తోటలో నీళ్ల మోటార్లు చూసుకునేవాడు రాజేశం. మా ఆయనతో కలిసి శుక్రవారం టీ తాగేవాడు, బండి తన పేరు మీదికి మార్చుకోవడానికి తన కఫీల్‌ను, అంటే పనిలో పెట్టుకున్న అరబ్బు యజమానిని, కూడా ఒప్పించాడు. స్టార్టు కాకపోతే తష్లీహ్ వాళ్ల లారీ వస్తుంది. పాత బండ్లను ముక్కలు చేసి అమ్మే చోటు అది. అనీస్ అప్పటికే వాళ్లకు ఫోన్ చేసేశాడు. అసర్, అంటే సాయంత్రపు నమాజు తర్వాత వస్తామన్నారు.

నేను అనీస్‌ను ఒక్కటే అడిగాను. ఊరు వదిలేముందు ఖబరస్థాన్ దాకా తీసుకుపొమ్మని. ఇక్కడ ఆడవాళ్లు లోపలికి పోరు. ఆయన్ను మగవాళ్లు భుజాల మీద తీసుకుపోయారు, నేను కిటికీ దగ్గర నిలబడ్డాను, వీధి మలుపు తిరిగారు, అంతే. గోడ బయట నుంచైనా చూడాలని ఉంది.

"దానికేముంది మా, నా బండిలో పోదాం పద," అన్నాడు వాడు.

"నీ బండిలో వద్దబ్బీ. ఆ బండిలోనే పోదాం."

"ఏ బండైతే ఏమి?"

"కొత్త బండిలో పోతే ఎవరో పరాయోళ్లు వచ్చినట్టుంటాది. దీని చప్పుడైతే మీ నాయన గుర్తుపడతాడు."

ఆ మాట మౌల్వీసాబ్ వింటే తప్పంటాడని నాకూ తెలుసు. నిన్న రాత్రంతా నాకు ఆ లారీయే కళ్లలో మెదిలింది, గొలుసులు కట్టి బండిని వెనక్కి లాక్కుపోతున్నట్టు.

రాజేశం ప్లగ్గు ఒకటి విప్పి ఇంజన్ ఇనుముకు ఆనించి పట్టుకున్నాడు. "కొట్టు తమ్మీ," అన్నాడు. ప్లగ్గు కొసన నీలంగా చిటుక్కుమంది. అది చూసి నాకు ఆశ పుట్టింది. "కరెంటు అస్తుంది," అని అతను ప్లగ్గును ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. "కానీ పొడిగుంది. పెట్రోల్ వాసనే లేదు."

"టాంకు సగం చూపిస్తాండాదే."

"టాంకుల ఉంటే సరిపోదు. ఈడిదాకా రావాలె."

ప్లగ్గు మళ్లీ బిగించి, సీసాలోంచి పెట్రోలు కొంచెం మూతలో పోసి, ఇంజన్‌లోకి గాలి పోయే గొట్టంలో వంచాడు. "ఇప్పుడు కొట్టు."

బండి అందుకుంది.

మెట్ల మీద నుంచి ఎప్పుడు లేచానో నాకు తెలియదు. అదే చప్పుడు. కింద నుంచి అది వినబడగానే నేను పొయ్యి మీద టీ నీళ్లు పెట్టేదాన్ని. రెండు మూడు ఊపిర్లు తీసి, దగ్గి, ఆగిపోయింది. గొట్టంలో పోసిన పెట్రోలు అయిపోయింది.

"చూసినవా," అన్నాడు రాజేశం. "ప్రాణం ఉన్నది. దాని నోటికి అన్నమే అందుతలేదు."

ఆ తర్వాత అనీస్‌ను తాళం సగమే తిప్పమని, వెనక సీటు మీద చెవి ఆనించి విన్నాడు. పెట్రోలు పంపు అక్కడ కింద ఉంటుందట, తాళం తిప్పగానే తుమ్మెదలాగా ఒక చప్పుడు రావాలట. రాలేదు. ఫ్యూజు తీసి వెలుగుకు పట్టి చూశాడు. బాగానే ఉంది. హారన్‌కు కరెంటు అందించే రిలే తీసి పంపు రిలే చోట పెట్టి చూశాడు. అయినా చప్పుడు లేదు. చివరికి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"పంపు పోయిందమ్మా. అన్ని నెలలు ఒక్క తీరుగ నిలవడ్డది కదా, పట్టేసుంటది."

"కొత్తది దొరకదా?" అని అడిగాను.

"ఇయ్యాల జుమ్మా. దుకాణాలు బందు. ఉన్నా గీ మోడల్‌ది ఎవడు పెడ్తడు?"

అనీస్ తాళం బయటికి తీశాడు. "సరేలే మా. లారీ వస్తాది. ఇంక దీని కోసం ఎండలో కూచోవద్దు."

"రేపటిదాకా ఉంచితే?"

"రేపు మనం ఈడ ఉండము కదా మా. ఇంటాయన ఈ రోజే జాగా ఖాళీ చెయ్యమన్నాడు."

నేను అవతలి తలుపు తీసి నా సీట్లో కూచున్నాను. ఇద్దరూ పక్కకుపోయి నీళ్లు తాగుతున్నారు. లోపల అత్తరు వాసన ఇంకా కొంచెం ఉంది, వేడెక్కిన రెగ్జిన్ వాసన ఎక్కువగా ఉంది. ఎక్కడికీ పోయేది లేకపోయినా నా నోరు ప్రయాణపు దువా చదివేసింది, కుడి చెయ్యి దానంతట అదే కిందికి పోయి సీటు అంచును తాకింది.

అది మా ఇంటి పద్ధతి. ఆయన బండెక్కగానే బిస్మిల్లా అని, దువా చదువుతూ, వంగి తన సీటు కింద ఒకసారి చెయ్యి పెట్టేవాడు. ఆ తర్వాతే తాళం. ఆయన తండ్రి రాయచోటిలో జట్కా తోలేవాడు, బయలుదేరే ముందు వంగి బండి కాడిని తాకి కళ్లకద్దుకునేవాడు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో చూశాను. కాడి లేదు కాబట్టి ఈయన సీటును తాకుతున్నాడనుకున్నాను. తండ్రి పద్ధతి ఇంత దూరం వచ్చినా వదల్లేదని ముచ్చటపడి నేనూ నేర్చుకున్నాను. పిల్లలకూ నేర్పించాను. మా కూతురు ఫర్జానా రాయచోటిలో బస్సెక్కినా సీటు కింద చెయ్యి పెడుతుంది. విమానంలో నేను అట్లా తడుముతుంటే, ఏమైనా పోగొట్టుకున్నారా అని ఎయిర్ హోస్టెస్ వంగి వెతికింది. ఆయన పక్కనే ఉండి నవ్వాడు గానీ ఏమీ చెప్పలేదు.

ఆ నవ్వు గుర్తొచ్చాక నా చెయ్యి సీటు కిందే ఆగిపోయింది.

ఆయన తాకినప్పుడు కళ్లకద్దుకునేవాడు కాదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కాదు. ఇంకొకటి కూడా ఉంది. బండి ఆపి దిగేటప్పుడూ చెయ్యి పెట్టేవాడు. దిగేటప్పుడు ప్రయాణపు దువా ఎవరు చదువుతారు? ఈ బండికి ముందు ఆయనకు ఇంకొకటి ఉండేది. ఏసీ చల్లగా ఉండాలని ఇంజన్ ఆపకుండా దిగి, రొట్టెల కొట్టులోకి పోయి వచ్చేసరికి ఎవరో కుర్రాళ్లు దాన్ని తోలుకుపోయారు. మళ్లీ దొరకలేదు. ఈ బండి కొన్నాక ఒక సిరియా ఎలక్ట్రీషియన్ దగ్గర ఒక పూటంతా వదిలిపెట్టి వచ్చాడు. ఎందుకని అడిగితే, లైట్లు బాగు చేయిస్తున్నా అన్నాడు.

నేను వెంటనే పిలవలేదు. ఆ సీటు కింద ఏమీ లేకపోతే, ఆయన నిజంగానే తండ్రిని తలుచుకుంటూ తాకేవాడైతే, అదే నాకు బాగుండేది. ఏదైనా ఉంటే ఇన్నేళ్లూ నా పక్కన కూచుని నాకు చెప్పలేదన్నమాట. కానీ వీధి చివర ఏదో పెద్ద బండి మలుపు తిరిగే చప్పుడు వినబడింది.

"అనీసూ, ఇట్ల రా. మీ నాయన సీటు కింద చెయ్యి పెట్టు."

వాడు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "దువా చదివితే పంపు బాగవుతాదా మా?"

"చెయ్యి పెట్టమంటాండా. నా వైపుకు పెట్టు. ఆయన కుడి చెయ్యి పెట్టేవాడు."

రాజేశం మాత్రం నీళ్ల సీసా కింద పెట్టేశాడు. "ఆగు తమ్మీ, ఆగు. నువ్వు జరుగు." మోకాళ్ల మీద కూచుని సీటు కిందికి చెయ్యి పోనిచ్చి తివాచీ అంచు వెంబడి తడిమాడు. ముఖం ఆకాశం వైపు ఉంది గానీ కళ్లు వేళ్లలో ఉన్నట్టున్నాయి.

"ఉన్నదమ్మా," అన్నాడు మెల్లగా. "చిక్కుడు గింజంత బటన్."

టిక్కుమంది.

"తాళం పెట్టి సగం తిప్పు తమ్మీ."

వెనక నుంచి తుమ్మెద చప్పుడు వచ్చింది. అనీస్ రాజేశం ముఖం చూశాడు. మిగతా సగం తిప్పాడు. బండి రెండు తిప్పులు తిరిగి అందుకుంది, ఇక ఆగలేదు.

"దొంగల కోసం పెట్టించిండు గౌస్ సాబ్," అన్నాడు రాజేశం. "పంపుకు కరెంటు బందు చేసే బటన్. నేను పంపును చంపేస్తి కదా." నవ్వుతూ చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. చెమటేమో.

"నాకెందుకు చెప్పలేదబ్బీ ఆయన?" అన్నాను.

"నువ్వు అడిగినావా మా?"

"దువా గురించి ఎవరడుగుతారు?"

నేను ఆ సీటు వైపే చూస్తున్నాను. ఆ సాయంత్రం ఎదలో మంట పెట్టుకుని కూడా వంగి ఆ బటన్ నొక్కి దిగాడు. ఆయన చివరిసారి తన చేత్తో ఆపింది ఇన్ని నెలలూ అట్లాగే ఉంది. ఇప్పుడు రాజేశం వేలు దాన్ని తీసేసింది. బండి బతికినందుకు సంతోషపడాలో, ఆ పోయినదానికి ఏడవాలో నాకు తెలియలేదు.

వీధిలో తిరిగింది నీళ్ల ట్యాంకరు. తష్లీహ్ వాళ్లకు అనీస్ ఫోన్ చేసి రావద్దన్నాడు.

"అమ్మా, రోజూ దువా గూడ చదవాల్నా?" అని రాజేశం అడిగాడు. "నాకైతే రాదు. మా దేవుని పేరు, రాజన్నా అంటే నడుస్తదా?"

"బటన్‌కు ఎవరి పేరైనా ఒకటేలే అన్నా," అన్నాడు అనీస్.

"నీకేం తెలుసు రా," అన్నాను నేను. "అనుకో రాజేశం. ఏదో ఒక పేరు అనుకుని తాకు. ఊరికే తాకొద్దు."

"సరేనమ్మా."

ఇక బండి రాజేశానిదే కాబట్టి అతనే నడిపాడు. అనీస్ వెనక కూచున్నాడు, నేను నా చోట కూచున్నాను. దుమ్ము పట్టిన అద్దంలోంచి అంగళ్లు, గోధుమరంగు గోడలు పోతున్నాయి. అతను గేర్లు మార్చే తీరు వేరు. ఆయన మలుపుల దగ్గర ఇంకా మెల్లగా పోయేవాడు.

ఖబరస్థాన్ గోడ నేననుకున్నంత ఎత్తు లేదు. గేటు దగ్గర నిలిపి రాజేశం తాళం మీద చెయ్యి వేయబోయాడు.

"ఆపొద్దు," అన్నాను.

అనీస్ దిగి లోపలికి పోయాడు. రాజేశం కూడా దిగి, రోడ్డు అవతల కరెంటు స్తంభం నీడలో అటు తిరిగి నిలబడ్డాడు. గేటు సందులోంచి చదునైన నేల, అక్కడక్కడా నిలబెట్టిన చిన్న రాళ్లు కనబడుతున్నాయి. పేర్లు లేవు. ఏది ఆయనదో ఇక్కడి నుంచి తెలియదు. అనీస్ నడిచి నడిచి చిన్నగా అయ్యాడు, ఒకచోట ఆగాడు. అదన్నమాట. ఆ చోటు నుంచి నేను కళ్లు తీయలేదు. ఇంజన్ నా కాళ్ల కింద వణుకుతూనే ఉంది.

వాడు చెప్పులకు దుమ్ముతో తిరిగొచ్చి నా వైపు తలుపు తీశాడు.

"ఫాతిహా చదివినా మా. నీ సలాం కూడా చెప్పినా. పోదామా?"

"బండి స్టార్టయిందని చెప్పినావా?"

వాడు నా ముఖంలోకి చూశాడు. జుబైల్‌కు చాలా దూరముంది, పొద్దు వాలుతోంది.

"లేదు మా," అన్నాడు.

తలుపు మెల్లగా వేసి మళ్లీ గేటు వైపు నడిచాడు. ఈసారి త్వరపడలేదు.