రెండు చెంచాల ప్రార్థన నూనె

జయరాజు ఛాతీ మీద స్టిక్కరు నిలవలేదు. మేఘన అతికించింది, జారింది. మళ్ళీ అతికించింది, మళ్ళీ జారింది. గుండె కొట్టుకునే తీరును తెర మీద చూపించే తీగలు ఆ స్టిక్కర్లకే తగిలిస్తారు. మంచం పక్కన నిలబడ్డ జయరాజు భార్య రాచెల్ చేతిలోని సంచిని దగ్గరికి లాక్కుంది.

జయరాజు బెంగళూరు పక్కన చందాపురలో లేతు మిషను మీద పనిచేసేవాడు. గుండెలో వాల్వు చెడి పది అడుగులు వేస్తే ఆయాసం. ఈ గుండె ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ఒకసారి వచ్చి, జ్వరముందని వెనక్కి పోయాడు. నెలలు గడిచాక మళ్ళీ పిలిచారు. ఇంకాసేపట్లో స్ట్రెచర్ వస్తుంది.

మేఘన డాక్టరు కాదు, నర్సూ కాదు. ఫిజీషియన్ అసిస్టెంట్. 2003లో ఆ మాట బెంగళూరులోనే చాలామందికి తెలియదు. చదువు ముగించి ఉద్యోగంలో చేరి నెల తిరగలేదు. రోగిని పరీక్షించాలి, అడిగి తెలుసుకోవాలి, డాక్టరుకు చెప్పాలి, డాక్టరు చెప్పింది చేయాలి. చెప్పుకుంటే ఇంతే పని. చేసేవాళ్ళకు తెలుస్తుంది ఎంతో.

"ఏం పూసినావక్కా?" అంది మేఘన.

"చెమట, డాక్టరమ్మా."

"డాక్టరును కాదని నిన్నట్నుంచి చెప్తానే ఉండాను. చెమటకి కొబ్బరినూనె వాసన రాదు కదక్కా."

"చెప్పెయ్యవే," అన్నాడు మంచం మీంచి జయరాజు. "ఆ పిల్ల ముక్కు ముందు పోలీసు కుక్క పనికిరాదు."

రాచెల్ సంచిలోంచి చిన్న సీసా తీసింది. "పాస్టరుగారు ప్రార్థన చేసిచ్చిన నూనె. తెల్లారి రొమ్మున రాశా. అంతే."

మేఘన నవ్వలేదు, కసరలేదు. సీసాను రెండు చేతులా అందుకుని చూసింది. "నోట్లో కూడా పోసినావా?"

రాచెల్ నేల చూపులు చూసింది. "రెండు చెంచాలు. పొద్దున నువ్వు అడిగింది తిన్నాడా, నీళ్ళూ కాఫీ తాగాడా అని. ఇది తిండి కాదుగా, దేవుడిది."

"దేవుడిదైనా కడుపుకి నూనే కదక్కా. సుమ్మనే, ఊరికే అడగలేదు నేను. మత్తులో ఉండేటప్పుడు కడుపులోది ఎదురుతన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషికే మోసం."

రాచెల్ ఆమె చెయ్యి పట్టుకుంది. "పైకి చెప్పబాకమ్మా. ఈసారి తిప్పి పంపితే మళ్ళీ పిలిచేదాకా ఈయన ఉండడు. తుడిచేస్తే పోద్ది. నీకూ మాట రాదు."

ఆ చివరి మాట తగలాల్సిన చోటే తగిలింది. జయరాజు కడుపు ఖాళీ అని పొద్దున పైకి చెప్పింది మేఘనే. కొత్త ఉద్యోగం. ఆ పిల్ల రెప్పలు ఒక్కసారి వాలడం రాచెల్ చూసింది. ఒప్పుకుంటుందనే అనుకుంది.

"పంపాల్నా, ఆపాల్నా అనేది నా చేతిలో లేదక్కా. మత్తు డాక్టరు తేల్చాల. తెలిసి తేల్చాల."

చాటుకు పోలేదు. వార్డు గోడకున్న ఫోను అందుకుని అక్కడే మాట్లాడింది. కన్నడమే అయినా చందాపురలో బతికే రాచెల్‌కు ప్రతి ముక్కా అర్థమైంది.

"సార్, జయరాజుగారి కడుపు ఖాళీ అని చెప్పాను. తప్పు. తెల్లవారాక రెండు చెంచాల కొబ్బరినూనె మింగారు. నేను సరిగ్గా అడగలేదు."

అవతల గొంతు లేచింది. అది రాచెల్ దాకా వినిపించింది. ఈ ఇల్లాలు దాచిందని ఒక్క ముక్క అంటే తిట్లు సగం తగ్గేవి. మేఘన అనలేదు.

"అవును సార్, నా పొరపాటే. ఒకటి అడగొచ్చా? మధ్యాహ్నం ఆపరేషన్ ఉన్న ఇంకో రోగి సిద్ధంగా ఉన్నారు, ఇప్పుడే చూసి వచ్చాను. ఆయన్ను ముందు తీసుకునే వీలుంటే వీళ్ళు వెనక్కి పోనక్కర్లేదేమో. మీరూ పెద్ద డాక్టరుగారూ చూడండి."

ధైర్యమంటే ఇదీ. దీనికి జెండా ఉండదు, చప్పట్లు ఉండవు.

మత్తు డాక్టరు తనే దిగివచ్చాడు. జయరాజును అడగాల్సినవన్నీ అడిగాడు. పెద్ద డాక్టరుతో మాట్లాడాడు. మధ్యాహ్నం తీసుకుంటామన్నాడు. పోతూ పోతూ, "ముందే చెప్పావు, బతికించావు" అని మేఘనతో అని వెళ్ళాడు.

జయరాజు ఛాతీని మేఘన మళ్ళీ మందు సబ్బుతో తనే కడిగింది. సీసాను రాచెల్ చేతిలో పెట్టింది. "అరికాలికి ఒక చుక్క రాసుకోవచ్చంట. డాక్టర్ని అడిగినాను."

మధ్యాహ్నం జయరాజును ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోయారు, మేఘనా వెంటే వెళ్ళింది. వరండాలో కూర్చున్న రాచెల్‌కు వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఏం కాదు, ఏం కాదు అని చెప్తూనే ఉన్నారు. ఒక్కరి మాటా ఆమె చెవికెక్కలేదు.

పొద్దు వాలుతుండగా మేఘన బయటికొచ్చింది. నుదుటి మీద టోపీ నొక్కిన గీత ఎర్రగా ఉంది.

"వాల్వు మార్చినారక్కా. గుండె తనంతట తానే కొట్టుకుంటా ఉండాది. ఊపిరి మాత్రం ఇంకా మిషనే ఇస్తా ఉండాది."

"బతుకుతాడా?"

"ఆ మాట రేపటిదాకా నేను చెప్పలేను. తెలిసిందంతా చెప్పినాను."

మేఘన ఇంకో మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. ఈ పిల్ల ఏదీ దాచదని తెలిసిన రాచెల్, సంచిలోంచి చిత్రాన్నం పొట్లం తీసి బెంచీ మీద విప్పింది. నిన్నటి నుంచి ఆమె నోట్లో ఏమీ పడలేదు. నెమ్మదిగా, మెతుకు మిగల్చకుండా తింది.