శుక్రవారం తగ్గే పెట్రోల్

మా నాపరాళ్ళ దుకాణానికి ఒక ముసలి ట్రక్కు ఉంది. మిలిటరీ వేలంలో మా ఆయన కొన్న పెట్రోల్ బండి. ఆయన పోయి తొమ్మిదేళ్ళయినా అది తాండూరు నుంచి వికారాబాద్‌కు రాళ్ళు మోస్తూనే ఉంది. నడిపేది నర్సప్ప. పెట్రోల్ ముల్లు ఎప్పుడో చచ్చింది కాబట్టి, రోజూ సాయంత్రం ట్యాంకులో వెదురుపుల్ల ముంచి ఎన్ని వేళ్ళు తడిసిందో నేనే చూస్తాను. సుమిత్రమ్మ కళ్ళు కప్పడం ఎవరి తరమూ కాదని బజారంతా అంటుంది.

అలాంటి నాకు రెండు నెలలుగా మతి పోతోంది. అన్ని రోజులూ అవే రాళ్ళు, అదే దారి. శుక్రవారం మాత్రం మూడు వేళ్ళు తక్కువ!

మెకానిక్ దేవప్పను పిలిపించాను. కార్బొరేటర్ విప్పి కడిగాడు. స్క్రూ అర చుట్టు అటు, పావు చుట్టు ఇటు తిప్పుతూ ఇంజిన్ చప్పుడు చెవి ఒగ్గి విన్నాడు.

"గాలి జర పెంచి పెట్రోల్ తగ్గించిన అక్కా. ఇగ మస్తు మైలేజ్ వస్తది, ఫికర్ చేయకు," అన్నాడు.

వచ్చింది, గురువారం దాకా. శుక్రవారం మళ్ళీ మూడు వేళ్ళు తక్కువ. కార్బొరేటర్‌కు వారాలు తెలుస్తాయా, నా ఖర్మ కాకపోతే!

ఇక మిగిలింది మనిషే. బేరానికి వచ్చినవాళ్ళూ హమాలీలూ చూస్తుండగానే నర్సప్పను అడిగేశాను.

"శుక్రవారం పెట్రోల్ యాడ అమ్ముతున్నవ్?"

అతని ముఖం నల్లబడింది. "ఇరవై ఏండ్లసంది నడుపుతున్న. గిట్ల అడుగుతరా అమ్మా?"

"ఈసారి గిన తగ్గిందో, ఇగ పనికి రాకు."

తర్వాతి శుక్రవారం పుల్ల సరిగ్గా తడిసింది. సంతోషం పట్టలేక దేవప్పకు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాను. శనివారం పొద్దున రాళ్ళు ఎక్కించడానికి నర్సప్ప బండిని మిగతా రోజుల్లాగే పడమటికి తిప్పి పెట్టాడు. ముచ్చట తీరక మళ్ళీ పుల్ల ముంచాను. మూడు వేళ్ళు ఎక్కువ!

రాత్రికి రాత్రి పెట్రోల్ పిల్లలు పెట్టిందా? పుల్ల తుడిచి ముంచినా అంతే. బండిని రాత్రి ఉన్నట్టే పెట్టమన్నాను. మూడు వేళ్ళు దిగింది. తిప్పించాను. ఎక్కింది. నర్సప్ప నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

అప్పుడు వెలిగింది. శుక్రవారం సాయంత్రం నిమ్మకాయలు కట్టి హారతి ఇవ్వాలంటే బండి ముఖం తూర్పుకే ఉండాలని పట్టుబట్టేది నేనే. మా దుకాణం ముందు నేల వాలు. తూర్పుకు తిప్పితే పెట్రోల్ ట్యాంకులో అవతలి మూలకు జారిపోతుంది. ఇన్నాళ్ళూ తగ్గిందేమీ లేదు; శనివారం పొద్దున్నే మళ్ళీ పెట్రోల్ పోయిస్తాను కాబట్టి ఆ తేడా నాకు తెలియలేదు.

మరి నిన్న తూర్పుకే ఉన్నా ఎందుకు తక్కువ కాలేదు?

"నర్సప్పా, నిన్న నువ్వేమన్న పోసినవా?"

"పోసిన అమ్మా. నేనే కొని తెచ్చి పోసిన. దొంగ అనిపించుకునుడు కంటె నయం గదా."

సిగ్గుతో చచ్చిపోయాను. చుట్టూ చూశాను, ఇంకా ఎవరూ రాలేదు. "తప్పు నాదే నర్సప్పా. మనసుల పెట్టుకోకు," అన్నాను మెల్లగా.

"నలుగురి ముందట దొంగ అన్నరు," అన్నాడు. "తప్పయిందని మాత్రం నాకొక్కనికే చెప్తున్నరు."

బండిని అక్కడే వదిలేసి బస్టాండు వైపు నడిచాడు.