ముందు పన్ను రంగు

డెంటల్ ల్యాబ్‌లో టెక్నీషియన్ మనుషుల్ని చూడడు. అతని దగ్గరికి నోళ్ళే వస్తాయి, ప్లాస్టర్ అచ్చులుగా. వెంట వచ్చే చీటీ మీద పేరుండదు, నంబరుంటుంది.

మంగళవారం వచ్చిన అచ్చులో పైవరుస ముందు పన్ను విరిగి ఉంది. రూట్ కెనాల్ అయింది. వేరులోకి దిగే లోహపు పోస్టు, దాని మీద క్యాప్ చెయ్యాలి. అతను కింది వరుస తిప్పి చూశాడు. ముందు పళ్ళు రెండూ ఒకదాని మీదికొకటి ఎక్కి ఉన్నాయి, ఎడమది పైన. అచ్చు బల్ల మీద పెట్టేశాడు.

పని నేర్చుకునే రోజుల్లో అతను మొట్టమొదట అచ్చు తీసింది ఈ నోటిదే. "సున్నం కొట్టడానికి నా నోరే దొరికిందేంట్రా?" అని అక్క తిట్టింది. వాంతి వస్తున్నా కదలకుండా కూర్చుంది. తర్వాత ఆమె తనకు నచ్చినవాణ్ణి పెళ్ళి చేసుకుంది. ఇంట్లోవాళ్ళు వద్దన్నారని అతను ఆ పెళ్ళికి వెళ్ళలేదు. ఎనిమిదేళ్ళయింది. అతను చేస్తే అక్క ఫోనెత్తదు.

చీటీలో రంగు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. డాక్టరుకి ఫోన్ చేశాడు.

"నేను చూసి పంపిస్తాలెండి," అన్నాడు డాక్టరు.

"ముందు పన్ను కదా సార్, లోపలేమో లోహం. నల్లగా కనిపిస్తే మళ్ళీ నన్నే అంటారు. ఒక్కసారి పేషెంటుని ల్యాబుకి పంపండి."

అడిగినదాంట్లో అబద్ధం లేదు. ముందు పన్నయితే రంగు చూడటానికి ఎప్పుడైనా ఇలా పిలవడం ఉన్నదే.

బుధవారం గడ్డం గీసుకుని వచ్చాడు. కిటికీ పక్క కుర్చీ మీది అట్టపెట్టెలు తీసేశాడు.

"ఏంటి హడావిడి, పెళ్ళిచూపులా?" అంది పక్క బల్ల ఆవిడ.

"పంటి రంగు చూడాలి."

పోస్టు పోతపోశాడు, అరగదీశాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడైనప్పుడల్లా తలెత్తాడు.

మూడింటికి డాక్టరు ఫోన్ చేశాడు. "రాదటండీ. ఎవరు పిలుస్తున్నారంటే మీ పేరు చెప్పాను. పోనీ నేనే చూస్తానంటే నోరు తెరవలేదు. 'వాడికి తెలుసు, వాణ్ణే చెయ్యమనండి' అంది. మీకేమవుతారు?"

"అక్క."

"మరేం చెప్పమంటారు?"

"శుక్రవారానికి ఇస్తానని చెప్పండి."

పోస్టుని అచ్చులో పెట్టాడు. అడుగుదాకా దిగింది. రంగుల నమూనాలు తీశాడు. అతనికి తెలిసిన రంగు ఎనిమిదేళ్ళ కిందటిది. వయసుతో పళ్ళ రంగు ముదురుతుంది. చిన్నప్పుడు ఇద్దరివీ ఒకటే రంగు.

కిటికీ దగ్గరికి వెళ్ళి, చేతి అద్దంలో చూస్తూ నమూనాల్ని ఒక్కొక్కటే తన ముందు పంటి పక్కన పెట్టుకున్నాడు. మూడోది కలిసింది. దానికంటే ఒక మెట్టు ముదురుది తీశాడు. అక్క అతనికంటే నాలుగేళ్ళు పెద్ద.