నీళ్ల సంసోనుకు సన్మానం

రెండో వాల్వు గుంట దగ్గరికి వచ్చేసరికే సంసోను చేతులు మోచేతుల దాకా బురదయ్యాయి. వానాకాలం వస్తే చాలు, గుంటల నిండా నీళ్లు నిలుస్తాయి. బండ పక్కకు జరపగానే ఆయన ముందు కర్ర పెట్టి లోపల కెలుకుతాడు. పాము ఉందేమోనని భయం. ఇన్నేళ్లలో ఒక్కసారే కనిపించింది, అదీ నీరుకట్టె. అయినా కెలకడం మానలేదు. భయపడే విషయంలో సంసోను ఏనాడూ బద్ధకించిన మనిషి కాదు.

గుండాలపాడులో ఆయన్ని నీళ్ల సంసోను అంటారు. భద్రాచలం రోడ్డు మీద బస్సు దిగి అడవివైపు నడిస్తే వచ్చే ఊరది. దాని తర్వాత పెద్ద ఊళ్లు లేవు. కోయ గూడేలు, వాటి వెనక అడవి. పంచాయతీ ట్యాంకు నింపడం, బజారు బజారుకూ తిరిగి వాల్వు విప్పడం, తిట్లు తినడం ఆయన ఉద్యోగం. నీళ్లు సన్నగా వస్తే సంసోను దొంగ, జోరుగా వస్తే అది మోటారు గొప్పతనం.

అరవై దాటిన మనిషి. ఒకప్పుడు గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు. ఇప్పుడు భుజాలు ముందుకు వాల్చి, మెడ లోపలికి లాక్కొని, కాళ్లీడుస్తూ నడుస్తాడు. వయసు మీద పడిందనుకుంటారు చూసినవాళ్లు. వయసు కాదు. ఇంట్లో తలుపేసుకొని వంగి నడవడం నేర్చుకున్నాడంటే నవ్వొస్తుంది గానీ, నేర్చుకున్న మాట నిజం. నడక చూసి మనిషిని పసిగట్టేవాళ్లు ఈ అడవిలో ఉన్నారని ఆయన నమ్మకం.

ఎందుకంటే సంసోను పద్దెనిమిదేళ్లు మిలిటరీలో లారీ నడిపాడు. ముదిగొండ పక్క పల్లె నుంచి పోయి, కొండల మీద మందుగుండు మోసి, కిందికి వచ్చేటప్పుడు దెబ్బతిన్నవాళ్లను మోసి, నాయక్‌ ర్యాంకులో పింఛనుతో బయటికొచ్చాడు. తర్వాత సత్తుపల్లి కాంట్రాక్టరు చెంచురామయ్య దగ్గర వెదురు లారీకి డ్రైవరై ఇటొచ్చాడు. వచ్చిన నెలలోనే రోడ్డు వార ఒక శవాన్ని చూశాడు. సెలవు మీద ఇంటికొచ్చిన జవానట. ఛాతీ మీద కాగితం పెట్టి, దాని మీద రాయి పెట్టి పోయారు. చెంచురామయ్య లారీ ఆపనివ్వలేదు.

“ఇక్కడ మిలిటరీ అన్న మాట నోట్లోంచి రానీకు సంసోనూ,” అన్నాడాయన. “అడవిలో వాళ్లకీ నువ్వు పనికొస్తావు, స్టేషన్లో వాళ్లకీ పనికొస్తావు. ఇద్దరికీ పనికొచ్చేవాడు బతకడు.”

ఆ రోజు నుంచి సంసోను నాగ్‌పూర్ మిల్లులో పనిచేసి వచ్చినవాడయ్యాడు. మీసం తీసేశాడు, కొన్నాళ్లకు లారీ వదిలి పంచాయతీ నీళ్ల పనిలో చేరాడు. కొత్తగూడెం బ్యాంకుకు పోయి తెచ్చుకునేది మిల్లు పింఛను అయింది. అబద్ధం మొదట్లో నాలుకకు అడ్డం పడేది, తర్వాత అలవాటైంది.

వాల్వు తిప్పి లేచేసరికి ఎదురుగా కన్నమ్మ నిలబడి ఉంది. మూడో బజారు మొత్తానికీ ఆమెదే గొంతు. ఏ రోజైనా ‘మా బజారు మీద పగబట్టినవా’ అని మొదలుపెట్టే మనిషి, ఇవాళ బిందె కింద పెట్టి నవ్వింది.

“నమస్తే సంసోనన్నా.”

ఆ ‘అన్నా’ వినగానే ఆయనకు ఎక్కడో తేడా కొట్టింది.

“ఏందన్నా, గింత ముచ్చట దాచిపెట్టినవ్? నువ్వు మిలిట్రీల చేసినవంట!”

సంసోను చేతిలోంచి పానా జారి గుంటలో పడింది. “ఎవరు చెప్పిండ్రు?”

“చెప్పుడేంది, సెంటర్ల నీ ఫొటో కట్టిండ్రు గదా. బండి చక్రమంత ఉన్నది.”

పానా బురదలోనే వదిలేసి సెంటరు వైపు నడిచాడు. పరుగెత్తితే జనం చూస్తారని పరుగెత్తలేదు. ఆ రోజు ఆగస్టు పదిహేను. బడిలో మైకు పాడుతోంది. ప్రభుత్వానికీ అడవిలోని అన్నలకూ చర్చలు చెడిపోయిన ఏడాది అది. రాత్రి ఎవరో వంతెన దగ్గర నల్లజెండా కట్టిపోతే తెల్లారి పోలీసులొచ్చి విప్పుకెళ్లారు. ఊళ్లో జనం రెండు జెండాలకూ దణ్ణం పెట్టి ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు.

సెంటర్లో రెండు గుంజలకు కొత్త ఫ్లెక్సీ బిగించి ఉంది. అది కట్టినవాళ్లు ఏమనుకొని కట్టారో గానీ, సరిగ్గా గూడేల నుంచి వచ్చే దారికి ఎదురుగా కట్టారు. ‘దేశసేవకులకు సంఘ సన్మానం’ అని పెద్ద అక్షరాలు. కింద రెండు ముఖాలు. ఒకటి పాల్వంచలో ఉంటున్న హవల్దార్ హరిలాల్‌ది. రెండోది మీసంతో, టోపీతో, ఛాతీ విరుచుకొని తననే చూస్తున్న పాతికేళ్ల సంసోను.

ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. జమ్మూలో స్టూడియోలో దిగిన ఫొటో అది. ఒక్కటే ప్రతి ఉంది, అది భార్య సంపూర్ణ ట్రంకుపెట్టె అడుగున ఉండాలి.

“గిది నీ మొగం గాదా?” అంది వెనకనుంచి జంపక్క. లోపలి గూడెం మనిషి, కూర వండుకునే వెదురు కొమ్ములు అమ్మడానికి గంపెత్తుకొని వచ్చింది. చదువు రాదు గానీ మనిషిని గుర్తుపట్టడానికి చదువెందుకు? ఫ్లెక్సీని, ఆయన్ని మార్చి మార్చి చూసి ముచ్చటపడిపోయింది. “ఎంత మంచిగున్నవ్ అప్పుడు! మావోళ్లందరికీ చెప్త, నీళ్ల సంసోను పటం కట్టిండ్రని.”

“వద్దు జంపక్కా. నాది గాదది.”

“నీదే,” అంది నవ్వుతూ, అదేదో ఆయన సిగ్గుపడి అన్న మాటైనట్టు.

ఇంటికి వచ్చేసరికి సంపూర్ణ ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. పెళ్లికొచ్చిన మనిషిలా తలకు నూనె పెట్టుకొని, నున్నగా దువ్వుకొని ఉంది.

“ఫొటో ఎవరిచ్చిండ్రు?”

“నేనే ఇచ్చిన,” అంది చొక్కా మీంచి తలెత్తకుండా. “కొత్త పాస్టరు అడిగిండు, సంఘంల దేశానికి సేవ చేసినోళ్లు ఎవరన్న ఉన్నరా అని. చెయ్యెత్తిన.”

కొత్త పాస్టరు జయరాజ్ ఖమ్మం నుంచి వచ్చి ఇంకా మూడు నెలలు కాలేదు. ఆయనకు అడవంటే బస్సు కిటికీలోంచి కనపడేది.

“చంపుతరే నన్ను. ఇయ్యాల గాకపోతే రేపు.”

“ఇన్నేండ్లాయె భయపడబట్టి, అక్సా నాయినా. నీతోపాటు నేనూ భయపడ్డ. నిన్ను ఊరంత నీళ్ల కోసం తిడుతుంటే విని ఊకున్న. ఒక్కనాడు, ఒక్కనాడు నా మొగుడెవరో పదిమందికి తెల్వనియ్యి.”

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి చెంగుతో కళ్లొత్తుకుంది. సంపూర్ణ మామూలుగా ఏడ్చే మనిషి కాదు. ఆయన కొండల మీద లారీ నడుపుతున్న రోజుల్లో పల్లెలో నాట్లేస్తూ, అత్తకు సేవ చేస్తూ, ఉత్తరాల కోసం ఎదురుచూస్తూ కాపురం ఈదుకొచ్చింది. పెద్దకొడుకు బెన్నీ నాలుగేళ్లవాడు, ఈ ఫొటో పక్కలో పెట్టుకొని పడుకునేవాడు. జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయాడు. టెలిగ్రాం అందీ, సెలవు దొరికీ, మంచు కరిగీ ఆయన వచ్చేసరికి సమాధి మీద గడ్డి మొలిచింది. ఆ తర్వాత అక్సా పుట్టింది. అప్పటిదాకా ‘బెన్నీ నాయినా’ అని పిలిచిన మనిషి పిలుపు మార్చుకుంది, అంతే. ఒక్క మాట కూడా నిష్ఠూరమాడలేదు.

అది గుర్తొచ్చే సంసోను చొక్కా తొడుక్కున్నాడు.

చర్చి ముందు షామియానా వేశారు. వాన పడీ పడనట్టు పడుతోంది. హరిలాల్ పాల్వంచ నుంచి కారులో వచ్చాడు, పతకాలన్నీ గుచ్చుకొని. మైకు పట్టుకొని గడగడా మాట్లాడాడు. మాట్లాడతాడు మరి, సాయంత్రానికి కాలనీకి పోయి గేటేసుకొని పడుకునేవాడు! మైకు గొట్టం వేపచెట్టుకు కట్టారు. హరిలాల్ ‘భారత సైన్యం’ అన్నప్పుడల్లా ఆ మాట వాగు దాటి అవతలి గుట్టకు కొట్టుకొని తిరిగొస్తోంది. తిరిగొచ్చిన ప్రతిసారీ సంసోను కుర్చీలో ఇంకాస్త కిందికి జారాడు.

అప్పుడు కనిపించారు వాళ్లిద్దరూ. గేటు దగ్గర, వానలో, తలకు తువ్వాళ్లు చుట్టుకొని. సంఘంవాళ్లు కారు, ఊరివాళ్లు కారు. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. పాట పాడుతుంటే పాడలేదు. వేదిక వైపే చూస్తున్నారు. మధ్యలో ఒకడు రెండోవాడి చెవిలో ఏదో అని వేదిక వైపు వేలు చూపించాడు. వేలు తనవైపే ఉందని సంసోనుకు అనిపించింది. కొండ అంచున బ్రేకు పడని లారీలో కూడా ఆయన ఇంత భయపడలేదు. అక్కడ భయపడేందుకు పక్కన ఇంకో పదిమంది ఉండేవాళ్లు.

“ఇప్పుడు మన నాయక్ సంసోను గారు,” అన్నాడు జయరాజ్ శాలువా పట్టుకొని, “దేవుడు తనను యుద్ధంలో ఎలా కాపాడాడో సాక్ష్యం చెబుతారు.”

చప్పట్లు. ఆడవాళ్ల వైపు ముందు వరసలో సంపూర్ణ కూర్చొని ఉంది. చుట్టుపక్కల ఆడవాళ్లు ఆమెవైపు తిరిగి నవ్వుతున్నారు. కన్నమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. సంపూర్ణ కళ్లు ఇంతలేసి అయ్యాయి. ఆ కళ్లను చూస్తూ నిజం చెబుదామనే లేచాడు సంసోను. మైకు అందుకున్నాడు. గేటు దగ్గరివాళ్లు ఒకడుగు లోపలికి వేశారు.

“ఆ ఫొటో… నాది గాదు,” అన్నాడు.

ఆ మాట కూడా గుట్టకు కొట్టుకొని తిరిగొచ్చింది.

“మా అన్నది. మేం ఇద్దరం ఒక్క తీరుంటం. మిలిట్రీల చేసింది ఆయనే. ఇప్పుడు లేడు. పేరు పొరపాటున నాది ఏసిండ్రు. నేను… నేను నాగ్‌పూర్ మిల్లుల చేసిన.”

షామియానా కింద చిన్న గలాభా పుట్టి అణిగింది. జయరాజ్ మంచివాడు. ఇంటిదాని పొరపాటు వల్ల ముసలాయన నలుగురిలో చిన్నబోకూడదనుకున్నాడు. గొంతు సవరించుకొని, “అయితే మరణించిన ఆ వీరజవాను జ్ఞాపకార్థం అందరం లేచి ఒక నిమిషం మౌనం పాటిద్దాం,” అన్నాడు.

అందరూ లేచారు. హరిలాల్ సెల్యూట్ కొట్టాడు. సంసోను తన చావుకు తానే తల వంచి నిలబడ్డాడు. సంపూర్ణ కూడా లేచింది. చెంగు తలమీదికి లాక్కుంది, కన్నీళ్లు తుడుచుకోలేదు. పాపం, బావగారంటే ఎంత ప్రేమో అనుకున్నారు పక్కవాళ్లు.

నిమిషం అయిపోగానే గేటు దగ్గరివాళ్లిద్దరూ చకచకా లోపలికొచ్చారు. సంసోను తన కుర్చీ వెనక్కి జరిగాడు.

“జర పక్కకు జరుగు పెద్దాయినా,” అన్నాడు ఒకడు, ఖాళీ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దోపుతూ. “భద్రాచలంల ఇంకో ఫంక్షనున్నది. గంటసేపటి నుంచి నిలబడ్డం, మీదైతలేదు.”

టెంటుహౌసు వాళ్లు. కుర్చీల కోసం వచ్చారు.

సంసోను వెళ్లి గుంటలో పానా తీసుకున్నాడు, కడిగాడు, సాయంత్రం నీళ్లు వదిలాడు. నీళ్లు ఆగవు కదా. ఇల్లు చేరేసరికి సంపూర్ణ చేతిసంచీతో గుమ్మంలో ఉంది.

“అక్సా దగ్గరికి పోతున్న,” అంది. అక్సా పాల్వంచలో ఉంటుంది, అల్లుడిది కంపెనీలో షిఫ్టు డ్యూటీ.

“ఎప్పుడొస్తవ్?”

ఆమె మెట్టు దిగి ఆగింది.

“ఒక్క మాట అడుగుత, బెన్నీ నాయినా.”

ముప్పై ఏళ్లకు పైనే అయింది ఆ పిలుపు విని. సంసోను గోడకు చెయ్యి ఆనించాడు.

“పిల్లగాడు పోయిన్నాడు నువ్వు రాలే. బార్డర్ల ఉన్నడు, ఎట్లొస్తడు అని నాకు నేనే చెప్పుకున్న. మా అత్తకు చెప్పిన, ఊరందరికీ చెప్పిన. గా ఒక్క మాట పట్టుకొనే బతికిన. ఇయ్యాల మైకుల చెప్పినవ్, మిల్లుల ఉన్ననని.” ఆమె గొంతు పెంచలేదు. “మిల్లుల ఉన్నోడివి, మరెందుకు రాలే?”

ఆమె జవాబు కోసం నిలబడలేదు. సెంటర్లో బస్సు హారను కొట్టింది. చెంగు భుజం మీదికి తీసుకొని, ఎవరితోనూ మాట్లాడకుండా వంకర బజారు వెంట నడిచి వెళ్లిపోయింది. పిలుద్దామనుకున్నాడు. గట్టిగా పిలిస్తే జనం వింటారని ఊరుకున్నాడు.

లోపలికి వెళితే వంటింట్లో ఏలకుల వాసన. పొయ్యి మీద పెద్ద గిన్నె, ఎవరింట్లోనో అడిగి తెచ్చింది. మూత తీస్తే సేమ్యా పాయసం, పాతికమందికి సరిపోయేంత, పైన మీగడ కట్టి ఉంది. సన్మానం అయ్యాక జనం ఇంటికొస్తారని వండి పెట్టుకుంది. పక్కన బల్ల మీద స్టీలు గ్లాసులు బోర్లించి ఉన్నాయి, ఇరుగుపొరుగు ఇళ్ల నుంచి తెచ్చినవి. ఒక్కోదాని మీద ఒక్కో పేరు చెక్కి ఉంది. కన్నమ్మవి నాలుగు, మిగతా ఇళ్లవి రెండేసి. ఈ చివర ఒకటి మాత్రం కొత్తది, ఇంకా మెరుగు పోలేదు. సంసోను దాన్ని చేతిలోకి తీసుకొని వెలుతురుకు పట్టి చూశాడు. భద్రాచలం స్టీలుసామాన్ల కొట్లో చెక్కించినట్టుంది: ‘నాయక్ సంసోను, మిలిట్రీ’.

బయట ఎవరో నడిచిన చప్పుడైంది. ఆయన గభాలున గ్లాసును బల్ల మీద పెట్టేశాడు, అక్షరాలు గోడవైపు ఉండేలా తిప్పి.